ఇరవై తొమ్మిదో తేదీన పుట్టినవారు

ఆ పత్రికాఫీసులో ఆయన్ని అందరూ జయంతి గారు అంటారు. అసలు పేరు జీతాల రిజిస్టరులో తప్ప ఇంకెక్కడా వినపడదు. ఇరవై ఆరేళ్ళుగా రోజూ ఐదో పేజీలో, వాతావరణ వివరాలకీ గళ్ళ నుడికట్టుకీ మధ్య ఇరుకున, 'ఈ రోజున పుట్టినవారు' అనే శీర్షిక రాస్తున్నాడు కనక ఆ పేరు అంటుకుపోయింది. పేరు విని ఆడమనిషనుకుని "అమ్మా, నమస్కారం" అంటూ ఫోనులో మొదలుపెట్టిన పాఠకులు, అవతలి నుంచి బొంగురు గొంతు రాగానే నాలిక్కరుచుకోవడం ఆఫీసులో పాత వేడుక. ఆయన ఏనాడూ వాళ్ళను సరిదిద్దలేదు. ఎవరో ఒకరు ఫోను చేశారు, అదే పదివేలు.

శీర్షికలో రోజుకు ముగ్గురు. ఆ తేదీన పుట్టిన ముగ్గురు గొప్పవాళ్ళు, ఒక్కొక్కరి నోటి నుంచి ఒక్కొక్క మంచిమాట. పొద్దున టీ కప్పు పట్టుకుని చదివినవాడు "అబ్బ, ఎంత బాగా చెప్పాడు!" అనుకోవాలి. కప్పు కడిగేలోపు మరిచిపోవాలి. మరిచిపోకపోతే మరునాడు మళ్ళీ ఎందుకు చదువుతాడు? ఇది జయంతి గారు, వార్తలు అమర్చి పేజీలు పెట్టే అమ్మాయికి ఒకసారి బోధించిన వృత్తి రహస్యం. ఆ అమ్మాయిది ఆయన పక్కబల్ల. పనుంటే ఆయనతో అందరూ మాట్లాడతారు. పని లేకపోయినా మాట్లాడేది ఆ అమ్మాయొక్కతే.

ఆయన వెనక చెక్క బీరువా ఒకటి ఉంది. నెలకొకటి చొప్పున పన్నెండు సొరుగులు, ప్రతి సొరుగులో తేదీల వారీగా అట్టముక్కలు అడ్డం పెట్టి, వాటి మధ్య కార్డులు. కార్డుకొక మనిషి. పుట్టిన ఏడు, చేసిన ఘనకార్యం, అన్న మాటలు. ఒకసారి వేసిన మాట పదేళ్ళదాకా మళ్ళీ వేయకూడదని పాత ఎడిటరు పెట్టిన నియమం. ఆ ఎడిటరు పోయాడు గానీ నియమం పోలేదు. ఎందుకంటే జయంతి గారు దాన్ని పోనివ్వలేదు.

తేదీల్లోనూ ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ ఉంటారు. కొన్ని తేదీల వెనక ఇద్దరు తత్వవేత్తలు, నలుగురు కవులు, ఒక శాంతిదూత కిక్కిరిసి ఉంటారు. కొన్నింటి వెనక గడ్డాల సేనాపతులూ కుస్తీ వస్తాదులూ తప్ప ఎవరూ ఉండరు. పాపం వస్తాదులు ఎంత బలవంతులైనా ఏం మాట్లాడతారు? "కష్టపడండి" అంటారు. అదీ మొహమాటానికి.

అంతమంది పుట్టినరోజులు వేళ్ళ మీద చెప్పగల మనిషి తన పుట్టినరోజు మాత్రం ఎవరికీ చెప్పలేదు. అడిగితే "గొప్పవాళ్ళెవరూ పుట్టని రోజులెండి" అని దాటవేసేవాడు. పెళ్ళి మాట ఎత్తినప్పుడల్లా రేపు చూద్దామన్నాడు, ఆ రేపు రాలేదు. ఉండేది ఒక మేడ మీద అద్దె గది. అందులో రెండో కుర్చీ లేదు. కింద ఇంటివాళ్ళ టీవీ నేలలోంచి వినపడుతుంటే దానికి చెవొగ్గి, వాళ్ళు నవ్వినప్పుడు తనూ నవ్వేవాడు. రెండు రోజులు వరసగా సెలవొస్తే మాట్లాడే అవసరమే ఉండేది కాదు. మూడో రోజు ఆఫీసుకొచ్చి మొదటి మాట అనబోతే గొంతు గీరుకునేది. పేజీలు పెట్టే అమ్మాయి మంచినీళ్ళ గ్లాసు ముందుకు జరిపేది.

ఇంతకీ ఆయనకు ఎవరూ లేరా అంటే, ఉంది. ఒక అక్క. అదే ఊళ్ళో, నది అవతల.

పన్నెండేళ్ళు పెద్ద. తల్లి పోయేనాటికి ఆయనకు నాలుగేళ్ళు, అక్కకు పదహారు. మరుసటి ఏడు తండ్రి పని వెతుక్కుంటానని వెళ్ళి మరి కనపడలేదు. అక్క పెద్దాసుపత్రిలో నర్సు శిక్షణకు చేరింది. డ్యూటీకి వెళుతూ తమ్ముణ్ణి వార్డు వరండాలో బల్ల మీద కూర్చోబెట్టి, చేతికి పలక ఇచ్చి, "కదిలావో, సూది పొడుస్తా" అని బెదిరించి లోపలికి వెళ్ళేది. ఆ మందుల వాసన మధ్యనే ఆయనకు అక్షరాలొచ్చాయి. తనకోసం ఆవిడ ఏమేం వదులుకుందో ఆయనకు తెలుసు. తెలుసు గానీ ఎప్పుడూ నోరు తెరిచి అనలేదు.

తొమ్మిదేళ్ళ కిందట ఆ తండ్రి తిరిగొచ్చాడు. ఎనభై ఏళ్ళు, ఒక గుడ్డ సంచి, ఆగని దగ్గు. అక్క ముందు గది ఇచ్చింది. సంగతి తెలిసి తమ్ముడు భగ్గుమన్నాడు. పరుగున వెళ్ళి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఏ మొహం పెట్టుకుని వచ్చాడు? ఏమని రానిచ్చావు?"

"ముసలాడు. దగ్గుతూ వచ్చాడు. రానిచ్చాను" అంది అక్క, మందు సీసా మూత బిగిస్తూ.

"ఆయన ఈ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నేనీ గడప తొక్కను. నీకు తమ్ముడు లేడనుకో."

"నీ ఇష్టం" అంది అక్క.

తండ్రి ఎనిమిది నెలలు బతికాడు. పోయాడని కబురొచ్చిన రోజున జయంతి గారు ఆ ఇంటికి వెళ్ళలేదు. పది రోజులయ్యాక మాత్రం ఉండబట్టలేకపోయాడు. అక్కతో పాటు ఆసుపత్రిలో పనిచేసిన కాంపౌండరును పట్టుకుని, "మా అక్కకు కాస్త నచ్చచెప్పండి, నేను బాధపడుతున్నానని చెప్పండి" అని పంపాడు. కాంపౌండరు వెళ్ళినంత వేగంగానూ తిరిగొచ్చాడు.

"ఎవరిచేతనో చెప్పించుకునే ఖర్మ నాకు లేదన్నారండీ మీ అక్కగారు. చెప్పదలుచుకుంటే వాడి నోటితోనే చెప్పమన్నారు. అప్పటిదాకా గుమ్మం తొక్కద్దన్నారు."

న్యాయమైన మాటే. ఒక్క మాట. కానీ పన్నెండు సొరుగుల నిండా లోకంలోని వాళ్ళందరి మాటలూ దాచుకున్న మనిషికి తన మాట ఒక్కటి పెగల్లేదు. ఫోను తీసేవాడు. తీసినప్పుడు మనసులో వాక్యం దివ్యంగా ఉండేది. అవతల గంట మోగేలోపు దాని కాళ్ళూ చేతులూ ఊడిపోయేవి. పెట్టేసేవాడు.

అప్పుడు తట్టింది ఆయనకు ఆ ఉపాయం. ఉపాయమంటే ఏముంది, మళ్ళీ ఇంకొకరిచేత చెప్పించడమే. కాంపౌండరు బదులు మహానుభావులు.

అక్క పుట్టినరోజు నవంబరు ఇరవై తొమ్మిది. ఆవిడ పెన్షను కాగితాలు నింపింది ఆయనే, ఆ తేదీ తన చేత్తో రాశాడు. అక్క ఆ పత్రిక తెప్పిస్తుందనీ తెలుసు. వార్డులో అందరికీ ఐదో పేజీ తీసి చూపించి "ఇది మా వాడు రాసింది" అనేది. కాబట్టి ఆ రోజు శీర్షికలో మొదటి రెండు మాటలూ ఊళ్ళోవాళ్ళకి, మూడోది అక్కకి. మొదటి ఏడు ఒక వయొలిన్ విద్వాంసుడి చేత చెప్పించాడు: 'నేను తప్పు వాయించానని నాకు తెలిసిన రోజే నా చదువు మొదలైంది.' రెండో ఏడు ఒక వృక్షశాస్త్రవేత్త: 'ఎండిపోయిందని కొమ్మను నరికే ముందు గోటితో గీకి చూడండి, లోపల పచ్చగా ఉండవచ్చు.' ఇంకో ఏడు ఒక ఓడ కెప్టెను, మరో ఏడు కళ్ళ డాక్టరు. ప్రతి ఏడూ అచ్చయిన ఆ ఉదయం ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, అందరికంటే ముందొచ్చి, ఫోను దగ్గర కూర్చునేవాడు. మధ్యాహ్నం భోజనానికి కూడా లేచేవాడు కాదు. సాయంత్రందాకా చూసి, కళ్ళజోడు తుడుచుకుని, మరునాటి శీర్షికకు చేతికందిన మూడు కార్డులు లాగి, ఏముందో కూడా చూడకుండా పక్కబల్ల మీద పడేసి వెళ్ళిపోయేవాడు.

ఫోను మోగేది కాదు. మోగినా అక్క కాదు.

ఇలా ఎనిమిది నవంబర్లు గడిచాయి. ఇది తొమ్మిదోది, ఆఖరుది కూడా. ఈ నెల ముప్ఫయ్యో తేదీతో జయంతి గారి ఉద్యోగం ఐపోతుంది. ఆ తరవాత ఈ శీర్షిక ఎవరూ రాయరు. ఏదో ఏజెన్సీ వాళ్ళు ఏడాదికి సరిపడా ఒకేసారి తయారుచేసి పంపుతారట. "మీ బీరువాకీ విశ్రాంతి దొరుకుతుంది లెండి" అన్నారు ఎడిటరు గారు ఓదార్పుగా. ఆయనొకప్పుడు ఫుట్‌బాల్ వార్తలు రాసినవారు. మంచి మనిషి గానీ ఓదార్చడం చేతకాదు.

ఇరవై ఎనిమిదో తేదీ మధ్యాహ్నం, మరునాటి శీర్షిక కోసం జయంతి గారు నవంబరు సొరుగు లాగారు. ఇరవై తొమ్మిది అట్టముక్క వెనక మొత్తం తొమ్మిది కార్డులు. నిరుపేద తేదీ. వయొలిన్ విద్వాంసుడి మాటలన్నీ ఐపోయాయి. వృక్షశాస్త్రవేత్త దగ్గర మిగిలింది ఎరువుల గురించి. ఓడ కెప్టెను దగ్గర తుపాను హెచ్చరిక ఒక్కటే ఉంది. ఇద్దరు వస్తాదులు, ఒక సేనాపతి. జయంతి గారు ఆ కార్డులను ముందు నుంచి వెనక్కీ వెనక నుంచి ముందుకీ తిప్పారు. వచ్చే ఏడు ఈ తేదీ వస్తుంది, ఐదో పేజీ వస్తుంది, కానీ అందులో అక్కకు ఏమీ ఉండదు. అప్పుడిక నది అవతల ఒక ముసలావిడ, ఇవతల ఒక ముసలాడు. అంతే సంగతులు.

మొదటి ఇద్దరినీ వస్తాదులతో సరిపెట్టాడు. మూడోదానికి ఒక తెల్ల కార్డు తీసుకున్నాడు. ఇరవై ఆరేళ్ళలో ఒక్క తప్పు తేదీ వేయని మనిషి, వంకర అక్షరాన్ని కూడా క్షమించని మనిషి, ఆ కార్డు మీద ఎక్కడా పుట్టని ఒక యాత్రికుడికి పేరు పెట్టాడు, పుట్టిన ఏడు ఇచ్చాడు, రెండు ఎడారులు దాటించాడు. ఆ యాత్రికుడి చేత ఇలా చెప్పించాడు: 'మన్నించమని అడగడానికి మంచి మాటల కోసం వెతుకుతూ తొమ్మిదేళ్ళు పోగొట్టుకున్నాను. తప్పు నాది.' చివర 'అక్కా' అని కూడా రాసి, నాలుగుసార్లు చదివి, కొట్టేశాడు. ఎడారులు దాటినవాడు అక్కా అంటే బాగుండదని.

పేజీలు పెట్టే అమ్మాయి అచ్చుకు పంపుతూ, "ఈ యాత్రికుడెవరో నాకు నచ్చాడండీ. మిగతావాళ్ళలాగా పైనుంచి చెప్పడం లేదు" అంది.

జయంతి గారు సొరుగు మూశారు.

ఇరవై తొమ్మిదో తేదీన ఆయన ఇస్త్రీ చొక్కాతో ఏడున్నరకే వచ్చారు. ఈసారి ఫోను మోగింది. మోగినప్పుడల్లా రెండో గంటలోపే ఎత్తారు. మొదట ఒక బడిపంతులు: ఆ యాత్రికుడి గురించి పిల్లలకు చెప్పాలి, ఏ పుస్తకంలో దొరుకుతాడు? తరవాత ఒక రిటైరైన జడ్జీ: తన దగ్గర పన్నెండు సంపుటాల విజ్ఞాన సర్వస్వం ఉంది, అందులో ఈయన లేడు, ఎందుచేత? ఇంకా ముగ్గురు. పన్నెండింటికి జడ్జీ మళ్ళీ చేశాడు, ఈసారి ఎడిటరు గారికి.

ఎడిటరు గారు గది తలుపు దగ్గరకేసి కూర్చోమన్నారు.

"ఎవరండీ ఈ యాత్రికుడు?"

"లేడండి."

"లేడంటే? పోయాడా?"

"పుట్టలేదండి. నేను రాశాను."

ఎడిటరు గారు రెండు చేతులూ తల మీద పెట్టుకున్నారు. "ఇరవై ఆరేళ్ళు గోలు కాపలా కాసి, ఆట ఐపోయే నిమిషంలో సొంత గోలు వేసుకున్నారేమిటండీ! ఎందుకు చేశారు?"

జయంతి గారు చెప్పబోయారు. అక్క అన్న మాట నాలుక దాకా వచ్చి ఆగిపోయింది. "కార్డులు ఐపోయాయండి" అన్నారు. అదీ అబద్ధం కాదు.

సవరణ వేయక తప్పదు. 'సమాచార లోపం వల్ల' అని వేద్దాం, ఎవరికీ మాట రాదు అన్నారు ఎడిటరు గారు. జయంతి గారు కాగితం అడిగి తీసుకుని తనే రాశారు: 'నిన్న ఈ శీర్షికలో పేర్కొన్న యాత్రికుడు లేడు. ఆ మాటలు ఈ శీర్షిక రాసేవాడి సొంతవి. పాఠకులు మన్నించాలి.'

"ఇంత విప్పి చెప్పాలా?" అన్నారు ఎడిటరు గారు.

"ఒక అబద్ధం చాలండి" అన్నారు జయంతి గారు.

సాయంత్రం ఆరింటిదాకా అక్క ఫోను రాలేదు. ఇక రాదని ఆయనకు తెలిసిపోయింది. తొమ్మిదేళ్ళు చెప్పించినా వినని మనిషి ఇంకేం వింటుంది? ఆవిడ మనసు రాయి చేసుకుంది. చేసుకోదూ మరి. గదికి నడుస్తూ దారిలో ఒకసారి ఆగి, ఎందుకాగాడో తెలియక మళ్ళీ నడిచాడు. ఆ రాత్రి కింద ఇంట్లో ఎంత నవ్వుకున్నా ఆయనకు నవ్వు రాలేదు.

ముప్ఫయ్యో తేదీ, ఆఖరి రోజు. బీరువా తాళాలు అప్పగించాడు. బల్ల సొరుగులో ఉన్నదంతా ఒక చిన్న సంచిలో పట్టింది. నాలుగింటికి అందరికీ టీ, నాలుగు మంచిమాటలు అని నోటీసు బోర్డు మీద రాశారు. ఆ నాలుగు మంచిమాటలు ఎవరు మాట్లాడతారో, తన గురించి ఏం తెలుసని మాట్లాడతారో ఆయనకు అంతుపట్టలేదు.

పదకొండు దాటాక ఫోను మోగింది. జడ్జీ అయ్యుంటాడనుకుని నిదానంగా తీశాడు.

"ఐదో పేజీ రాసేవాళ్ళు కావాలి."

గొంతు కాస్త సన్నబడింది, మధ్యలో ఊపిరి తీసుకోవలసి వచ్చింది. కానీ ఆ 'కావాలి'లో వార్డు సిస్టరు దర్పం అలాగే ఉంది. జయంతి గారు కుర్చీ చేతిని గట్టిగా పట్టుకున్నారు.

"నేనే" అన్నాడు.

అవతలి గొంతు అచ్చం పాఠకురాలి లాగానే అడిగింది:

"ఇవాళ సవరణ వేశారు. నిన్నటి మాటలు రాసేవాడి సొంతవని. నిన్నటి పేపరు నా దగ్గర లేదు. కొట్లో అడిగితే ఐపోయాయన్నాడు. ఏమిటా మాటలు?"

"పేపరు... మానేశావా అక్కా?"

"నువ్వు గుమ్మంలోంచి వెళ్ళిన నెలలోనే. ఏడాదికి ఒక్కటి కొంటాను. నా పుట్టినరోజున."

"మరి నిన్న నీ..."

"నిన్న కాదు. ఇవాళ."

ఆయనకు అర్థం కాలేదు. "ఇరవై తొమ్మిది కదక్కా. నీ పెన్షను కాగితాల్లో, బడి సర్టిఫికెట్లో..."

"బళ్ళో చేర్చేటప్పుడు నాన్న చెప్పిన తేదీ అది. అమ్మకు నొప్పులు మొదలైంది ఇరవై తొమ్మిది సాయంత్రం. నేను బయటపడేసరికి మరునాడు తెల్లవారబోతోంది. ఆయనకు గుర్తున్నది నొప్పుల రోజు. కాగితాల్లో అదే ఉండిపోయింది. ఇంట్లో అమ్మకు తెలుసు, నాకు తెలుసు. నువ్వెప్పుడైనా అడిగావా, నీ పుట్టినరోజు ఎప్పుడే అక్కా అని?"

అడగలేదు. లోకంలో కుస్తీ పట్టినవాడి పుట్టినరోజు కూడా మూడు పుస్తకాలు తిరగేసి సరిచూసుకున్నాడు. తనకు అన్నం పెట్టి పెంచిన మనిషిది మాత్రం కాగితంలో చూసి రాసుకున్నాడు.

అక్క గొంతులో ఇప్పుడు పాఠకురాలు లేదు.

"ఏటా కొన్నాను. నాకోసం ఒక్క మాటైనా రాస్తావేమోనని. అన్నీ కత్తిరించి పెట్టుకున్నాను, ఇదిగో ముందరే ఉన్నాయి. మొదటి ఏడు ఎవడో కొండలెక్కేవాడు. 'వెనక్కి తిరిగి చూసేవాడు శిఖరం చేరడు.' సరే, నాకేగా అనుకున్నాను. మరుసటి ఏడు సేనాపతి. 'దాటి వచ్చిన వంతెనను తగలబెట్టాను, అందుకే గెలిచాను.' ఆ తరవాత ఎవరో పెద్ద వ్యాపారి. 'నన్ను వద్దన్న గుమ్మం వైపు మళ్ళీ నడవలేదు కనకనే ఇంతవాణ్ణయ్యాను.' ఇంకా చదవనా? ఎనిమిదున్నాయి. ఎనిమిది పుట్టినరోజులు. వీడి కోపం ఇంకా తగ్గలేదు కాబోలు అనుకుంటూ కత్తెర పట్టుకుని కూర్చున్నాను."

"అవి నీకు కాదక్కా!" అని అరిచినంత పని చేశాడాయన. పేజీలు పెట్టే అమ్మాయి తల తిప్పి చూసి, వెంటనే తన పనిలోకి తల వంచేసుకుంది. "నీకు రాసినవి ముందు రోజువి. అవి ఎంత... ఇవి నేను చూడను కూడా చూడలేదు. చేతికందినవి పడేశాను."

"నా రోజుకు చేతికందినవి పడేశావు" అంది అక్క.

ఫోను పెట్టేస్తుందేమోనని ఆయనకు భయం వేసింది.

"సరే. నిన్నటిదేమిటో చెప్పు" అంది.

జయంతి గారు నిన్నటి పేపరు లాగి, ఐదో పేజీ తీసి, గొంతు సవరించుకుని మొదలుపెట్టారు. "మన్నించమని అడగడానికి మంచి మాటల కోసం వెతుకుతూ తొమ్మిదేళ్ళు..."

"చదువుతున్నావు."

ఆయన ఆగిపోయాడు.

"ముప్ఫై నాలుగేళ్ళు వార్డులో విన్నానురా. చీటీ చూసి చెప్పేవాడెవడో, నొప్పి చెప్పేవాడెవడో నాకు తెలియదనుకున్నావా? పేపరు కింద పెట్టు. పెట్టావా? ఇప్పుడు చెప్పు."

పేపరు కింద పెట్టాడు. వెనక బీరువా ఉంది, దానిలో ఎన్ని వేల మాటలున్నా ఒక్కటీ పనికి రాదు. ఎప్పటిలాగే మనసులో ఒక వాక్యం దివ్యంగా తయారవడం మొదలుపెట్టింది. దాన్ని పోనిచ్చాడు. ఆ తరవాత వచ్చింది ఏ కార్డు మీదా పట్టే మాట కాదు.

"అక్కా, నాన్న పోయిన రోజు నేను వచ్చాను. మీ వీధి చివర మందులషాపుందే, అక్కడి దాకా వచ్చాను. గుమ్మం ముందు జనం కనపడ్డారు. ఆయన మీద కోపం లేదక్కా అప్పటికి. నీ మొహం చూడాలంటే భయమేసింది. అన్ని మాటలన్నాను కదా. కాళ్ళు రాలేదు. నిలబడి నిలబడి వెనక్కి పోయాను. ఎవరికీ చెప్పలేదు ఈ సంగతి. నిన్నొక్కదాన్నే వదిలేశాను. నన్ను పెంచావు, నిన్నొక్కదాన్నే వదిలేశాను. తప్పు చేశానక్కా."

చెప్పడం ఐపోయింది. ఏడుస్తున్నానని ఆయనకు తెలుస్తూనే ఉంది. ఆఫీసులో అందరూ చూస్తున్నారనీ తెలుస్తోంది. చూస్తే చూడనీ.

"చూశాను" అంది అక్క.

"ఏమిటి?"

"కిటికీలోంచి చూశాను. షాపు ముందు నిలబడ్డావు. గోధుమరంగు చొక్కా. అప్పటికి మోసేవాళ్ళు వచ్చేశారు, లేపుదామంటున్నారు. మా తమ్ముడొస్తున్నాడు, కాసేపాగండి అన్నాను. గంటసేపు ఆపాను వాళ్ళను. ఒక్కొక్కరూ నా మొహం చూడడం, గడియారం చూడడం. వస్తున్నాడు, వస్తున్నాడు అంటూనే ఉన్నాను. మళ్ళీ కిటికీ దగ్గరకెళితే నువ్వు లేవు."

జయంతి గారు ఫోను చెవికి ఇంకా దగ్గరగా అదుముకున్నారు.

"నాన్నని అన్నందుకు కాదురా నాకు కోపం. అది నీ బాధ, అన్నావు. అక్కడిదాకా వచ్చానే అక్కా అని ఒక్క మాట నీ నోటితో చెప్తావేమోనని చూశాను. నేను కళ్ళారా చూసింది నువ్వు చెప్పడానికి తొమ్మిదేళ్ళు పట్టింది నీకు."

ఆవిడ ముక్కు చీదడం వినపడింది. తరవాత మళ్ళీ వార్డు సిస్టరు గొంతు.

"డ్యూటీ ఎన్నింటిదాకా?"

"ఐదింటిదాకా. ఇవాళ్టితో ఆఖరక్కా. రిటైరైపోతున్నాను."

"అయితే ఐదింటికి బయల్దేరు. ఆ మందులషాపు తీసేశారు. ఇప్పుడక్కడ నిలబడడానికి చోటు లేదు. తిన్నగా ఇంటికి రా."

పెట్టేసింది.

నాలుగింటికి ఎడిటరు గారు నాలుగు మంచిమాటలు రాసుకున్న కాగితంతో వచ్చేసరికి టీ చల్లారుతోంది, జనం నిలబడి ఉన్నారు, జయంతి గారు లేరు. ఎక్కడికి పోయారని అడిగితే పేజీలు పెట్టే అమ్మాయి, "వాళ్ళ అక్కగారి పుట్టినరోజటండీ" అంది.